రెండు కార్డులు, తొమ్మిది శనివారాలు

ఇరవై నాలుగేళ్లుగా నా ఉద్యోగం ఒకటే. ఇది కొనాలా, అది కొనాలా అని తేల్చడం. సింగపూర్‌లో ఒక బ్యాంకులో కూర్చుని సర్వర్లు, ప్రింటర్లు, కెమెరాలు, ఆఖరికి బాత్రూముల్లో చేతులు ఆరబెట్టే యంత్రాలు కూడా పోల్చాను. రెండు కంపెనీల వాళ్ళు వస్తారు, ఎవరికి వాళ్ళు తమదే గొప్పంటారు. నేను ఎక్సెల్ షీట్లో గళ్ళు పెట్టి, మార్కులేసి, అడుగున మొత్తం కూడి పైవాళ్ళకి పంపుతాను. వాళ్ళు అది చూసీచూడకుండా తమకి నచ్చిందే కొంటారు. సాయంత్రానికి జురాంగ్ వెస్ట్‌లో నా గదికి కాళ్ళీడ్చుకుంటూ చేరేసరికి ఇంక దేన్నీ దేనితోనూ పోల్చే ఓపిక ఉండదు. కూరలో ఉప్పు లేకపోయినా సరే, నోరు మూసుకుని తినేస్తాను.

అలాంటి నన్ను పట్టుకుని మా నందిత ఒక శనివారం మధ్యాహ్నం, రెండు గ్రాఫిక్స్ కార్డుల్లో ఏది మంచిదో చూసిపెట్టమని అడిగింది.

నందిత నా కూతురు. పంతొమ్మిదేళ్ళు. పాలిటెక్నిక్‌లో చివరి ఏడాది చదువుతోంది. వాళ్ళమ్మ భువనతో హౌగాంగ్‌లో ఉంటుంది. నేనూ భువనా వేరుపడి రెండున్నరేళ్ళయింది. కొట్టుకుని, తిట్టుకుని విడిపోయిన సంసారం కాదు మాది. ఇద్దరం అలిసిపోయాం, అంతే. ఎందుకు విడిపోయారని ఊళ్ళోవాళ్ళు అడిగితే చెప్పడానికి సరైన కారణం కూడా లేదు, అదొక చావు.

శనివారం శనివారం నేనూ నందితా లిటిల్ ఇండియాలో టెక్కా హాకర్ సెంటర్లో, తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండేచోట, కలిసి భోంచేస్తాం. ఆమెకి అక్కడికి ఒకటే రైలు, నాకు రెండు. ముందొచ్చినవాళ్ళు చోటు ఆపినట్టు గుర్తుగా టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి కూర్చుంటారు. ఎప్పుడూ ముందొచ్చేది నేనే. ఆమె వచ్చేది, తినేది. చదువెలా ఉందంటే ఓకే. అమ్మెలా ఉందంటే ఓకే. ఇంకేంటంటే నథింగ్ లా, ఆ 'లా' ఇక్కడివాళ్ళ మాటకి తోక. ఆ మూడు ముక్కలూ అయ్యాక ఆమె ఫోన్ ఆమెది, నా దోశ నాది. ముప్పై నిమిషాల్లో ట్రేలు తీసుకెళ్ళి స్టాండులో పెట్టేసి ఎవరి దారిన వాళ్ళం పోయేవాళ్ళం. వెనక్కి వస్తూ రైల్లో నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. కన్నకూతురితో మాట్లాడటానికి నాలుగు మాటలు దొరకవా నీకు అని.

ఆమె రావాలన్న నియమం ఏమీ లేదు. పంతొమ్మిదేళ్ళ పిల్లని ఎవరు బలవంతపెడతారు? మొహమాటానికి వస్తోందని నాకు తెలుసు. ఏదో ఒక శనివారం పొద్దున 'నాన్నా, బిజీ' అని మెసేజ్ వస్తుంది, ఆ తరవాత రెండు వారాలకి ఒకసారి అవుతుంది, ఆ తరవాత పండగలకి ఫోన్ అవుతుంది. శుక్రవారం సాయంత్రం నుంచే ఆ మెసేజ్ కోసం భయపడుతూ ఉండేవాణ్ణి. ఆ భయం ఎవరితోనూ చెప్పుకోలేదు.

అందుకే ఆమె కార్డుల సంగతి ఎత్తగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కంప్యూటర్ ఆటల్లో కనిపించే బొమ్మలన్నిటినీ సెకనుకి ఇన్నిసార్లని గీసి చూపించేది ఆ కార్డే. మా పిల్ల దగ్గరున్నది ఎవరో స్నేహితురాలు వాడి వదిలేసిన పాతది. కొత్త ఆటలు పెడితే నత్తనడక నడుస్తోందట. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో కొత్తది కొనుక్కుంటుందట. ఒకటి ఎర్ర పెట్టెలో వచ్చేది, ఇంకొకటి ఆకుపచ్చ పెట్టెలో వచ్చేది. పేర్లు అంకెలూ అక్షరాలూ కలిసి బండి నంబర్లలా ఉన్నాయి కాబట్టి మేం ఎర్రది, పచ్చది అనే పిలుచుకున్నాం. ఆ రోజు గంటన్నర కూర్చున్నాం. ఆమె టీ ఒకటికి రెండు తాగింది.

ఇంటికెళ్ళి ఆ రాత్రే షీట్ తయారుచేశాను. నిజం చెప్పాలంటే అరగంట పని. ఎర్రదాంట్లో మెమరీ పదహారు జీబీ, పచ్చదాంట్లో ఎనిమిది. మామూలు ఆటల్లో రెండూ ఇంచుమించు సమానం, పెద్ద ఆటల్లో పచ్చది మెమరీ చాలక తడబడుతుంది. వెలుగునీడలు, నీళ్ళలో ప్రతిబింబాలు పచ్చది అందంగా గీస్తుంది. రెండు బొమ్మల మధ్య ఇంకో బొమ్మని సొంతంగా కల్పించి ఆట సాఫీగా ఉన్నట్టు చూపించే విద్య కూడా దానికే బాగా వచ్చు. కానీ ధర నూట అరవై డాలర్లు ఎక్కువ. మార్కులేసి కూడితే ఎర్రదానికి డెబ్భై ఎనిమిది, పచ్చదానికి అరవై తొమ్మిది. అనుమానమే లేదు, ఎర్రదే కొనాలి.

ఫోన్ తీసి 'ఎర్రది కొనుక్కోమ్మా' అని టైపు చేశాను కూడా. పంపబోతూ ఆగాను. ఇది పంపేస్తే వచ్చే శనివారం మళ్ళీ ఓకే, ఓకే, నథింగ్ లా. నా వేలు కదల్లేదు. ఆ మెసేజ్ చెరిపేసి, షీట్లో మొత్తం కూడిన ఆ అడుగు వరుసని కనపడకుండా దాచేసి, పొద్దున్నే షీట్ ఆమెకి పంపాను. 'ఇంకా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, శనివారం మాట్లాడుకుందాం' అని రాశాను. కూతురికి అబద్ధం చెప్పానన్న సిగ్గు లేకపోలేదు. దానికంటే శనివారం మీద ఆశే ఎక్కువైంది.

రెండో వారం కరెంటు ఖర్చు తెచ్చాను. మూడో వారం వేడి. హౌగాంగ్ ఫ్లాట్లో ఆమె గదికి ఎండ ఎటు నుంచి పడుతుందో అడిగి, కిటికీ పడమటికని తెలుసుకుని, దానికో గడి పెట్టాను. నాలుగో వారం ఫ్యాన్ల చప్పుడు, అయిదో వారం రెండేళ్ళ తరవాత అమ్మితే ఎంతొస్తుందన్న లెక్క, ఆరో వారం వారంటీ. ఆఫీసులో కంపెనీల వాళ్ళు ఇలా సాగదీస్తే చీల్చి చెండాడేవాణ్ణి.

విచిత్రం ఏమిటంటే, పిల్ల కూడా తగ్గలేదు. నేను ఎర్రదాని పక్షం మాట్లాడితే ఆమె పచ్చదాన్ని వెనకేసుకొచ్చేది. "నాన్నా, వాన పడుతుంటే రోడ్డు మీద లైట్లు ఎలా మెరుస్తాయో చూడు లా," అని ఫోన్లో వీడియో పెట్టి నా ముక్కు దగ్గరికి తెచ్చేది. ఆట ఆడతావా, రోడ్డు చూస్తావా అని నేను కసిరేవాణ్ణి. ఆమె నవ్వేది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. కార్డుల మధ్యలోనే వేరే మాటలూ దొర్లేవి. ఏ స్నేహితురాలితో కలిసి ఆడుతుందో, ఆ పిల్ల అమ్మానాన్నలు ఎంత కఠినులో, కాలేజీలో ఏ మాస్టారు పాఠం చెప్తుంటే నిద్రొస్తుందో. నేను విననట్టు నటిస్తూ అన్నీ వినేవాణ్ణి. అలా అడక్కుండా చెప్పినవే ఎక్కువ.

ఏడో వారానికి నా సరుకంతా అయిపోయింది. కొత్త మోడల్ ఏదో రాబోతోందట, నాలుగు నెలలాగితే మంచిదేమోనన్నాను. ఎవరో ఎక్కడో రాసిన పుకారు. ఎనిమిదో వారం చెప్పడానికి ఏమీ లేక కార్డు పొడవు, కంప్యూటర్ పెట్టె పొడవు చూడాలని ముందే మెసేజ్ పెట్టాను. ఆమె స్కేలు పెట్టి కొలిచి అంకెలు తెచ్చింది. కళ్ళు నులుముకుంటూ, "ఇంక ఏమున్నాయి నాన్నా చూడాల్సినవి?" అంది. ఆ గొంతులో విసుగు లేదు, ఓపిక అయిపోయినట్టుంది. కళ్ళ కింద నల్లగా ఉంది. పరీక్షలు, ట్యూషన్లు, మళ్ళీ నాతో ఈ గోల.

ఆ రోజు రైల్లో నా మీద నాకే అసహ్యం వేసింది. కష్టపడి దాచుకున్న డబ్బు చేతిలో ఉంచుకుని, రెండు నెలలుగా ఆ పాత కార్డుతో తంటాలు పడుతోంది పిల్ల. ఎవరి కోసం? నేను ఒక్కణ్ణే కూర్చుని దోశ తినలేకపోతున్నానని. ఛీ, ఇదేం బతుకు అనిపించింది. ఆపేద్దామని నిర్ణయించుకున్నాను. ఆ తరవాత శనివారాలు ఎలా పోతే అలా పోతాయి.

శుక్రవారం ఆఫీసు నుంచి తిన్నగా కంప్యూటర్ సామాన్లు అమ్మే సిమ్ లిమ్ స్క్వేర్‌కి వెళ్ళాను. షాపువాడు ఏది కావాలన్నాడు. ఎర్రదని చెప్పడానికి నోరు తెరిచాను, ఆ వాన వీడియో గుర్తొచ్చింది. ఎనిమిది వారాలు పచ్చదాని తరఫున వాదించింది పిల్ల, ఆమె మనసు అందులోనే ఉంది. నా షీట్ గంగలో కలవనీ అనుకుని పచ్చదే ఇమ్మన్నాను. మార్కులు తక్కువ వచ్చినదాన్ని ఎక్కువ డబ్బు పెట్టి కొనడం నా జీవితంలో అదే మొదటిసారి.

భువన వాళ్ళక్క గృహప్రవేశానికి ఒంగోలు వెళ్ళింది, పది రోజుల దాకా రాదు. అందుకని రేపు టెక్కా వద్దు, నేనే హౌగాంగ్ వచ్చి కార్డు బిగించి వెళ్తాను అని నందితకి ఫోన్ చేసి చెప్పాను. ఎందుకు కొన్నావంది. బిగించడం తనకి వచ్చంది. టెక్కాకే రా నాన్నా, అక్కడే తీసుకుంటానంది. నాకు ఒళ్ళు మండింది. నేను ఆ ఇంట్లో అడుగు పెట్టడం పిల్లకి ఇష్టం లేదనుకున్నాను. ఆ ఇంటి గోడలకి రంగులు వేయించింది నేను, ఆ వంటింట్లో అలమారాలు కొలిచి చేయించింది నేను. వస్తున్నాను అని కటువుగా చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక బాధపడ్డాను.

శనివారం పదకొండింటికి తలుపు తీసింది. లోపలికి రమ్మంది, మంచినీళ్ళిచ్చింది, ఫ్యాన్ వేసింది. చుట్టాన్ని చూసినట్టే చూసింది. పెట్టె టేబుల్ మీద పెట్టాను. పచ్చరంగు చూసి ఆమె మొహం పాలిపోయింది.

"పచ్చది కొన్నావా? నువ్వా?" అంది.

నీకు ఇదే ఇష్టం కదమ్మా అన్నాను. ఆమె పెట్టెని ముట్టుకోలేదు. తరవాత తనే బిగించుకుంటానని, ముందు ఏదన్నా తిందామని, కింద కాఫీ షాపులో ప్రాన్ నూడుల్స్ బాగుంటాయని ఏవేవో చెప్పింది. స్క్రూడ్రైవర్ తెచ్చుకుని గంటా పది నిమిషాలు రైల్లో కూర్చుని వచ్చినవాణ్ణి నేను, నూడుల్స్ తినడానికా? నేరుగా ఆమె గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ప్లగ్ పీకి, దాని పక్క రేకు ఊడదీశాను. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

లోపల ఎర్రది ఉంది.

నేను షీట్లో మార్కులేసిన ఎర్రదే. అదే మోడల్, అదే అంకె. నిన్నో మొన్నో పెట్టింది కాదు. రెండు ఫ్యాన్ల రెక్కల మీదా సన్నగా దుమ్ము పట్టి ఉంది. పాత కార్డు బీరువా పక్కన అట్టపెట్టెలో పడుంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని దానికేసి చూస్తూ ఉండిపోయాను. మొదట కోపమే వచ్చింది. ఇన్ని వారాలుగా ఎండలో పడి, రెండు రైళ్ళు మారి, వారంటీ షరతులు చదివి, ఫ్యాన్ల చప్పుడు వీడియోలు విని, ఇంత వెర్రివెధవనా నేను?

ఎప్పుడు కొన్నావని అడిగాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది.

"నువ్వు షీట్ పంపావు కదా, ఫస్ట్ సండే. నెక్స్ట్ డే కొన్నా."

"ఏది కొనాలో నేను చెప్పనేలేదే."

ఆమె వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. నా మొహంకేసి చూడకుండా కార్డుకేసి చూస్తూ చెప్పింది. "నాన్నా, టోటల్ వరుస నువ్వు హైడ్ చేశావు. డిలీట్ చెయ్యలేదు. రెండు క్లిక్‌లు కొడితే వచ్చేసింది. సెవెంటీ ఎయిట్, సిక్స్టీ నైన్."

ఆఫీసులో కంపెనీల వాళ్ళు పంపిన ప్రతి షీట్లోనూ దాచిన వరుసలేమున్నాయా అని ముందు అదే వెతుకుతాను నేను. ఎన్నిసార్లు పట్టుకున్నానో, కొత్తగా చేరిన పిల్లలకి ఎన్నిసార్లు పాఠం చెప్పానో లెక్కలేదు. అలాంటిది నా కూతురికి పంపిన షీట్లో నేనే ఆ పని చేశాను.

"మరి పచ్చదే మంచిదని ఎందుకు వాదించావే ఇన్నాళ్ళూ?"

"నువ్వు ఆన్సర్ తెలిసీ దాచావు కదా," అంది. "ఎందుకు దాచావో నాకు అర్థమైంది. నేను కూడా ఎర్రదే బాగుందంటే అయిపోతుంది. అయిపోతే మళ్ళీ స్టడీస్ ఓకే, అమ్మ ఓకే. నాకు అది వద్దు నాన్నా," అంది.

కోపం ఎటు పోయిందో పోయింది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. ఆమె నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యాలో వద్దో తెలియక, స్క్రూలు నేల మీద దొర్లుతుంటే వాటిని ఏరి నా అరచేతిలో పెట్టింది. చిన్నప్పుడు అన్నీ వచ్చి మీద పడి చెప్పుకునే పిల్ల ఇది. మేమిద్దరం వేరుపడ్డాక ఎవరితో ఏ మాట అంటే ఎవరికి తగులుతుందోనని మాటలు కొలుచుకోవడం నేర్చుకుంది. ఆ పాపం మాదే.

"నిజం చెప్పనా నాన్నా," అంది చివరికి. "ఈ కార్డుల గురించి మాట్లాడీ మాట్లాడీ ఐయామ్ సో టయర్డ్. నిన్న పడుకుంటే కలలో కూడా ఫ్యాన్ నాయిస్ వచ్చింది."

నాక్కూడా చిరాకెత్తిపోయిందే తల్లీ, మూడో వారానికే ప్రాణం విసిగిపోయింది అన్నాను. ఇద్దరం నవ్వాం. పెద్ద నవ్వేం కాదు, నవ్వడానికీ ఓపిక లేనివాళ్ళ నవ్వు. పచ్చదాని పెట్టె విప్పకుండానే, పక్క రేకు మళ్ళీ బిగించాను. ఆమె ప్లగ్ పెట్టింది. కంప్యూటర్ లేచింది, ఎర్రది తిరగడం మొదలుపెట్టింది. చప్పుడు నేను మార్కులు వేసినంత ఎక్కువేం లేదు.

తరవాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. ఆమె మంచం అంచున, నేను ఆమె కుర్చీలో. కిటికీలోంచి వేడిగాలి కాళ్ళకి తగులుతోంది. కింద ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. అయిపోయింది, ఇంక ఈ పిల్ల ఫోన్ తీస్తుంది, నేను లేచి చెప్పులేసుకుంటాను అనుకున్నాను. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు గడిచాయి. ఆమె ఫోన్ తియ్యలేదు. దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"నాన్నా, శనివారం నాతో తింటావు," అంది. "మిగతా రోజులు ఎవరితో తింటావు?"

ఈ రెండున్నరేళ్ళలో నన్ను ఈ మాట ఎవరూ అడగలేదు. ఒంగోలు నుంచి మా అన్నయ్య ఫోన్ చేసి ఏం వండుకున్నావంటాడు, ఆఫీసులోవాళ్ళు మకాన్ అయిందా, అంటే తిన్నావా, అంటారు. ఎవరితో అని ఎవరూ అడగలేదు. స్నేహితులున్నారని చెబుదామనుకున్నాను. ఇంటి ఓనరు అంకుల్ మంచివాడు, కలిసి తింటామని చెబుదామనుకున్నాను. ఆయన ఎదురుపడితే తలూపుతాడు, అంతే. దాచి దాచి అప్పటికే సిగ్గుపడి ఉన్నాను.

"ఎవరితోనూ తిననమ్మా," అన్నాను. "ఫోన్ ఎదురుగా పెట్టుకుని తింటాను. ఒక్కోసారి పొయ్యి దగ్గరే నిలబడి తినేస్తాను, కంచం కడిగే పని తగ్గుతుందని."

ఆమె తల వంచుకుని దుప్పటి అంచు వేలి నుంచి మెల్లగా విప్పింది. కళ్ళు తుడుచుకుందో, జుట్టు వెనక్కి తోసుకుందో నాకు సరిగ్గా కనపడలేదు.

"బుధవారం నాకు క్లాస్ రెండింటికే అయిపోతుంది," అంది. "జురాంగ్ వెస్ట్ నేనే వస్తా. ఊరికే. నీకు ఏమన్నా పనుందా ఆ రోజు?"

బుధవారం మూడింటి నుంచి ఆరింటి దాకా నాకు ఆడిటర్లతో మీటింగు. నెల కిందటే ఖాయం చేశారు, నేను లేకపోతే జరగదు.

ఏ పనీ లేదని చెప్పాను.